2 జీబీ ఫోన్లో మిర్చి ధరలు

గుంటూరు మిర్చి యార్డుకు సరుకు పంపే రైతు ఫోన్ తీసేది తేజ రకం ఎంత పలికింది, 334 రకం ఎంత, బ్యాడిగి ఎంత అని చూసుకోవడానికి. ఈ కాసిని ధరల కోసం ఆయన తెల్ల తెర వంక చూస్తూ కూర్చోకూడదని నా పట్టుదల. ఒక కమిషన్ వ్యాపారి కోసం ధరల పేజీని ఇప్పుడు తిరగరాస్తున్నాను. చూసేవాళ్లలో చాలామందివి 2 జీబీ ర్యామ్ ఫోన్లు, అవీ ఫొటోలు, వీడియోలతో నిండిపోయినవి.

తెలుగు అక్షరాలు బరువు కాబట్టి తెలుగు పేజీలు నెమ్మది అనే మాట తరచూ వింటాను. వెబ్‌లో అక్షరాల్ని దాచే పద్ధతి యూటీఎఫ్-8. అందులో ఒక్కో తెలుగు కోడ్‌కి, అంటే ఒక్కో హల్లుకి, గుణింతపు గుర్తుకి, పొల్లుకి, 3 బైట్లు పడతాయి, నిజమే. ‘స్త్రీ’ అని రాస్తే 6 కోడ్‌లు, 18 బైట్లు. కానీ ఒక్కో కోడ్‌కి పట్టే ఆ మూడు బైట్లలో మొదటిది అన్నిటికీ ఒకటే, రెండోది రెండు రకాలే. ఇలా పదేపదే వచ్చేదాన్ని జీజిప్ అనే కుదింపు పద్ధతి భలే కుదించేస్తుంది. సర్వర్లో అది ఆన్ చేసి ఉంటే అక్షరాల గురించి దిగులే అక్కర్లేదు.

బరువంతా పేజీతో పాటు దిగే ఫాంటుది, అంటే అక్షరాల రూపాలుండే ఫైలుది. గుణింతాలు, వత్తులు, ఏది ఎక్కడ కూర్చోవాలో చెప్పే నియమాలు అన్నీ ఆ ఫైల్లోనే దిగాలి. బోల్డ్‌కి ఇంకో ఫైలు. పైగా ఫాంటు వచ్చేదాకా క్రోమ్ అక్షరాల్ని 3 సెకన్ల వరకు దాచి ఉంచుతుంది. ధర వచ్చేసింది, ఫోన్లోనే ఉంది, రైతుకి మాత్రం కనిపించదు! నాకు ఒళ్లు మండేది ఇక్కడే. ఆండ్రాయిడ్ ఫోన్లలో నోటో శాన్స్ తెలుగు లాంటి ఫాంటు ముందే ఉంటుంది కదా, దాన్నే వాడాను. “అక్షరాలు అందంగా ఉండవేమోనండీ” అన్నారు వ్యాపారి. వత్తులు కింది వరసకి తగలకుండా లైన్‌హైట్ (వరసల మధ్య ఎడం) 1.6కి పెంచి, ఆయన ఫోన్లోనే చూపించాను. సరే అన్నారు. పైన కొట్టు పేరుకి మాత్రం రామభద్ర ఉంచాను, అది దిగేదాకా ఫోన్లోని ఫాంటుతోనే పేరు కనిపించేలా ఫాంట్-డిస్‌ప్లే స్వాప్ పెట్టి.

తర్వాతది జావాస్క్రిప్ట్, అంటే పేజీతో పాటు వచ్చి ఫోన్లో నడిచే ప్రోగ్రాము. పాత పేజీలో ధరల పట్టికను గీసేదే స్క్రిప్టు. 100 కేబీ ఫొటో, 100 కేబీ స్క్రిప్టు డౌన్‌లోడ్‌కి సమానమే కావచ్చు. కానీ స్క్రిప్టును ఫోన్ చదవాలి, తన భాషలోకి మార్చుకోవాలి (కంపైల్), నడపాలి. చవక ప్రాసెసర్ మీద ఆ పనంతా అయ్యేదాకా వేలు పెట్టినా పేజీ కదలదు. ఇప్పుడు పట్టిక సర్వర్ నుంచే మామూలు హెచ్‌టీఎంఎల్‌గా వస్తుంది. స్లైడరు, చాట్ బొమ్మ, షేర్ బటన్లు తీసేశాం.

ఇంకో సంగతి ల్యాప్‌టాప్ ముందు కూర్చుంటే తట్టదు. ధర చూస్తుండగా వాట్సాప్ కాల్ వస్తుంది. మెమరీ చాలక ఆండ్రాయిడ్ ఆ పేజీని తీసేస్తుంది. కాల్ అయ్యాక వెనక్కి వస్తే మళ్లీ మొదటి నుంచి లోడింగే. అందుకే పేజీ బరువు ఒక్కసారి మోసి వదిలేసేది కాదు, రోజుకి ఎన్నిసార్లు తెరిస్తే అన్నిసార్లు మోయాలి. ల్యాప్‌టాప్‌లో క్రోమ్ డెవ్‌టూల్స్ అనే పరీక్షా పరికరాల్లో సీపీయూ (ప్రాసెసర్) వేగం తగ్గించి చూడొచ్చు, కొంతవరకు పనికొస్తుంది. ఈ మెమరీ బాధ మాత్రం అసలు ఫోన్‌ని కేబుల్‌తో కలిపి చూస్తేనే తెలుస్తుంది. వెబ్ పని చేసే ప్రతివాళ్ల టేబుల్ మీద అలాంటి ఫోన్ ఒకటి ఉండాలని గట్టిగా నమ్ముతాను.

మిగిలింది శాంపిల్ ఫొటోలు. అన్నిటినీ వెబ్‌పీ అనే చిన్న సైజు ఫొటో ఫార్మాట్‌కి మార్చేయమనేది మామూలు సలహా. అయితే కొంత వివరం వదిలేసి సైజు తగ్గించే లాసీ వెబ్‌పీ, రంగు వివరాన్ని వెలుగు వివరం కంటే తక్కువగా దాచుకుంటుంది. ముదురు ఎరుపు అంచులు అలుక్కుపోయేది అందుకే. మిర్చికి రంగే ధర. కాబట్టి కొట్టు ఫొటో వెబ్‌పీలో పెట్టాను, శాంపిళ్లు మాత్రం రంగు వివరం తగ్గించని జేపెగ్‌లో ఉంచాను. అవి పేజీతో పాటు రావు. రకం పేరు మీద నొక్కినవాళ్లకే దిగుతాయి.