భయం అన్న మాట మీద వేలు

పోయిన నవంబర్‌లో ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరి పదిహేడు రోజులు ఐసీయూలో ఉన్నాను. అందులో తొమ్మిది రోజులు గొంతులో గొట్టం, వెంటిలేటర్. చెన్నైలో వానల కాలం, దగ్గూ జ్వరం మామూలే అనుకుని నాలుగు రోజులు మాత్రలు మింగుతూ ఇంట్లోనే ఉన్నాను. ఐదో రోజు పెరంబూర్‌లో మా మేడ మెట్లు ఎక్కుతూ మధ్యలో కూలబడ్డాను. ఆటోలో తీసుకెళ్లేసరికి ఆక్సిజన్ 82. ఆ తర్వాత నాకు గుర్తున్నది చాలా తక్కువ. గుర్తున్నదాంట్లో నిజం ఇంకా తక్కువ.

నన్ను పులికాట్ సరస్సులో పడవకి కట్టేశారనుకున్నాను. పైకప్పు పలకలు అలల్లా కదిలేవి. మానిటర్ చప్పుడు పడవ మోటారులా వినపడేది. చుట్టూ తిరిగేవాళ్లు నన్ను ఎవరికో అమ్మేస్తున్నారని గట్టి నమ్మకం. గొట్టం పీకేసుకోకుండా చేతులు మంచానికి గుడ్డపట్టీతో కట్టారు, అది నిజమే. నాకది పడవ తాడు. పెళ్లై ఈ ఊరొచ్చి ఇరవై ఎనిమిదేళ్లు, కూరగాయల బేరం మొదలు పక్కింటి కబుర్ల దాకా అన్నీ తమిళంలోనే. ఆ రోజుల్లో మాత్రం ఒక్క తమిళ ముక్క అర్థం కాలేదు. నర్సులు ఎంత నెమ్మదిగా చెప్పినా కొత్త భాషలాగే ఉండేది.

మా నాయనమ్మ దీన్ని సంధి పుట్టింది అనేది. డాక్టర్లు డెలీరియం అంటారు. ఇన్‌ఫెక్షన్, మత్తుమందులు, నిద్ర లేకపోవడం, పగలూ రాత్రీ ఒకేలా వెలిగే లైట్లు, అన్నీ కలిసి తెస్తాయట. వెంటిలేటర్ మీద ఉన్నవాళ్లలో చాలామందికి వస్తుంది. ఇది పిచ్చి కాదని ముందే ఎవరైనా చెప్పి ఉంటే మా ఇంట్లోవాళ్లు కాస్త కునుకు తీసేవారు.

మా చెల్లెలు నెల్లూరులో పినాకినీ రైలెక్కి వచ్చేసింది. రోజుకి రెండుసార్లు, ఒక్కొక్కరినే, పది నిమిషాలు లోపలికి వదిలేవారు. ఆ పది నిమిషాల్లో అది ఏడవలేదు. ముందు నా కళ్లజోడు తుడిచి పెట్టింది. నాకు మైనస్ ఆరు పవర్, చేర్చుకున్న రోజే నా బట్టలతో పాటు దాన్నీ సంచీలో వేసి మావారి చేతికిచ్చేశారు. అద్దాలు పెట్టగానే ఎదురుగా గోడ గడియారం కనిపించింది.

"అక్కా, ఇవాళ బుధవారం. పొద్దున పదకొండైంది. చెన్నైలో ఆసుపత్రిలో ఉన్నావు. నిమ్ము చేరింది, తగ్గుతోంది. నోట్లో గొట్టం ఉంది, అందుకే మాట రావట్లేదు."

రోజూ ఇవే మాటలు, ఇదే వరుసలో. మారేది వారం పేరే.

మా అమ్మాయి అట్ట మీద అక్షరాలు రాసి తెచ్చింది, వేలితో చూపించమని. మన గుణింతాలతో, ఒత్తులతో అదెక్కడ సాగుతుంది? 'నొప్పి' అని చూపించేలోపే చెయ్యి జారిపోయేది. మర్నాడు మాటలే రాసి తెచ్చింది: నీళ్లు, నొప్పి, దురద, చలి, దిండు, భయం. నేను భయం మీద వేలు పెట్టి తీయలేదట. ఆ సాయంత్రం నుంచి చెల్లెలు చివర్లో ఇంకో మాట కలిపింది: "నిన్నెవరూ ఎక్కడికీ తీసుకుపోరు. బావ తలుపు బయటే ఉన్నాడక్కా."

ఇంటికొచ్చాక ఇంకో యుద్ధం. తొమ్మిది కిలోలు తగ్గాను. నిండు స్టీలు గ్లాసు ఎత్తలేను. నీళ్లు పొలమారేవి, చిక్కటి రాగిజావ స్పూనుతో పట్టేవారు. ఊపిరి కసరత్తుకని ఇచ్చే మూడు బంతుల స్పైరోమీటర్ పీలిస్తే ఒక్క బంతి కదల్లేదు. రెండోది లేవడానికి మూడు వారాలు పట్టింది. ఫ్రిజ్ తలుపు బీప్‌మంటే ఒళ్లంతా చెమట. మూడో నెలలో దువ్వెన నిండా జుట్టు. డిశ్చార్జి కాగితంలో మందుల పేర్లన్నీ ఉన్నాయి గానీ, ఇవన్నీ వస్తాయని ఒక్క ముక్క లేదు. ఆ కోపం నాకింకా తీరలేదు.

తర్వాత చూపించుకున్న డాక్టరమ్మ దానికో పేరుందని చెప్పింది. పోస్ట్ ఇంటెన్సివ్ కేర్ సిండ్రోమ్. 2010లో అమెరికాలో ఇంటెన్సివ్ కేర్ డాక్టర్లు కూర్చుని పెట్టిన పేరు. ఒంటి బలం, జ్ఞాపకశక్తి, మనసు మూడూ దెబ్బతింటాయి, ఇంట్లోవాళ్ల మనసు కూడా. ఆ చివరి మాటకి నేను మావారి వైపు చూశాను. రాత్రి ఫోన్ మోగితే ఆయన ఇప్పటికీ ఉలిక్కిపడి లేచి చెప్పుల కోసం వెతుక్కుంటారు.

డెన్మార్క్, స్వీడన్ దేశాల్లో ఐసీయూ నర్సులు రోగి కోసం డైరీ రాస్తారట, పోయిన రోజులు తర్వాత తెలియాలని. మావాళ్లకి ఆ సంగతి తెలియదు. డాక్టర్ చెప్పింది మర్చిపోకూడదని అమ్మాయి పాత లెక్కల నోట్‌బుక్‌లో రాసుకున్నారు, అంతే. "నవంబర్ 14. చెయ్యి నొక్కితే అమ్మ తిరిగి నొక్కింది." "16. కళ్లజోడు కావాలని సైగ చేసింది. బయట కుండపోత." పడవలో ఉన్నాననుకున్న రోజులకి ఇలా ఒక్కొక్కటిగా వాన, ఇడ్లీ, చెల్లెలి జ్వరం వచ్చి చేరాయి. రెండు నెలలు అదే చదివాను.

నవంబర్ 11 దగ్గర తేదీ ఒక్కటే ఉంది, మావారి చేతిరాతలో. అడగడానికి నాకే ధైర్యం చాల్లేదు చాలా రోజులు. మొన్న సంక్రాంతి వెళ్లాక అడిగాను.

"ఆ రోజు ఆక్సిజన్ నిలవట్లేదన్నారు. ఏదో కాగితం మీద సంతకం పెట్టమన్నారు. పెట్టి కిందికొచ్చి మెట్ల మీద కూర్చున్నాను. రాద్దామని నోట్‌బుక్ తెరిచాను," అన్నారు.

కాసేపాగి, "తేదీ వేశాక చెయ్యి ఆడలేదు," అన్నారు.