దీపావళి రాత్రి మా ఇంట్లో ఐరిష్ భోజనం

2024లో దీపావళి, హాలోవీన్ రెండూ అక్టోబర్ 31నే పడ్డాయి. డబ్లిన్‌లో పిల్లలకు ఆ వారం మిడ్‌టర్మ్ సెలవులు. ఇంటి దగ్గర్నుంచి అత్తయ్య, మామయ్య వచ్చి ఉన్నారు. డబ్లిన్ శివారు లూకన్‌లో కాపురం పెట్టి ఆరేళ్ళవుతున్నా నేను ఒక్క ఐరిష్ వంట చేసిన పాపాన పోలేదు. "ఇక్కడివాళ్ళు ఈ పండక్కి ఏం వండుకుంటారమ్మా?" అని అత్తయ్య అడిగితే నీళ్ళు నమిలాను. నాకు తెలిసినవి మటన్ స్ట్యూ, బేకన్ క్యాబేజీ. ఆవిడేమో మాంసం ముట్టరు.

పక్కింటి పెద్దావిడను అడిగితే అసలు సంగతి తెలిసింది. నవంబర్ 1 సకల పునీతుల పండుగ. దాని ముందురోజు క్యాథలిక్కులు మాంసం మానేసేవారు కాబట్టి హాలోవీన్ రాత్రి పాతకాలపు భోజనమంతా బంగాళాదుంపలు, ఆకుకూర, వెన్నే. కోల్‌క్యానన్, బాక్స్‌టీ, బార్మ్‌బ్రాక్ అని మూడు పేర్లు చీటీ మీద రాసిచ్చింది. "అంటే మన శనివారం లాంటిదన్నమాట" అని అత్తయ్య తేల్చేశారు.

బార్మ్‌బ్రాక్ అంటే కిస్‌మిస్‌ల కేకు. దాన్ని ముందురోజు రాత్రే మొదలుపెట్టాలి. చిక్కటి టీ డికాషన్‌లో కిస్‌మిస్‌లు నానబెట్టి పడుకున్నాను. పొద్దున చూస్తే ద్రాక్షపళ్ళలా ఉబ్బి ఉన్నాయి. సెల్ఫ్ రైజింగ్ మైదా, బ్రౌన్ షుగర్, కేకుల్లో వేసే మసాలా పొడి కాస్త, ఒక గుడ్డు కలిపి (కేకులోకి వెళ్ళిన గుడ్డుకు అత్తయ్య అభ్యంతరం చెప్పరు), బేకింగ్ పేపర్‌లో చుట్టిన ఉంగరం మధ్యలో దాచి ఓవెన్‌లో పెట్టాను. ఉంగరం ఎవరి ముక్కలో వస్తే వాళ్ళకి ఏడాదిలో పెళ్ళని ఇక్కడి నమ్మకం. మాది ఫ్యాన్ ఓవెన్, వేడి ఇరవై డిగ్రీలు తగ్గించుకోవాలన్న సంగతి మర్చిపోయాను. పైనున్న కిస్‌మిస్‌లు బొగ్గయ్యాయి. అవి గిల్లి పారేస్తే లోపల బాగానే ఉంది.

అసలు యుద్ధం కోల్‌క్యానన్‌తో. అంటే ఆకుకూర కలిపిన బంగాళాదుంప ముద్ద. దుంపలు ఉడికించి మెత్తగా చేయడమేగా అని మిక్సీలో వేశాను. రెండు తిప్పులకే గోడకు పోస్టర్లు అంటించే మైదా బంకలా తయారైంది, గరిటె ఎత్తితే తీగ సాగుతోంది. దుంపల్లోని పిండిపదార్థం బ్లేడు దెబ్బకు బయటికొచ్చి అలా జిగురవుతుంది. కిలో దుంపలు చెత్తబుట్టలోకి పోయాయి.

రెండోసారి ఎర్రతొక్క రూస్టర్ దుంపలు తెప్పించాను. ఉడికితే పొడిపొడిగా విచ్చుకునే రకం అది. తొక్కతోనే ఉడకబెట్టి, చేతులు కాలుతున్నా వేడిమీదే ఒలిచి, మన పప్పుగుత్తితోనే మెదిపాను. పాలల్లో ఉల్లికాడలు వేసి మరిగించి ఆ పాలు వేడివేడిగా పోస్తుంటే ముద్ద తెల్లగా పొంగినట్టు అయింది. విడిగా ఉడికించి, గట్టిగా పిండి, సన్నగా తరిగిన కేల్ ఆకు, ఉప్పు, మిరియాల పొడి కలిపితే అయిపోయింది. వడ్డించేటప్పుడు మధ్యలో గుంట చేసి వెన్న వేయాలి. అంచునుంచి కొంచెం కొంచెం తీసుకుని, కరిగిన వెన్నలో అద్దుకుని తినాలి. ముద్దపప్పు అన్నంలో నేతిగుంట చేసుకున్న చేతులకి ఇది ఒకరు నేర్పాలా! మామయ్య గుంట ఇంకాస్త పెద్దది చేసుకున్నారు.

బాక్స్‌టీ అంటే పచ్చి దుంప తురుము, మెదిపిన దుంప, మైదా సమంగా తీసుకుని, చిటికెడు వంటసోడా, బటర్‌మిల్క్‌తో కలిపి పెనం మీద వేసే అట్టు. తురుము నీళ్ళు బాగా పిండేయాలి. గుడ్డ దొరక్క మామయ్య పాత పంచె ముక్క వాడాను. ఆ నీళ్ళ అడుగున పేరుకున్న తెల్లటి పిండిని పారేయకుండా తిరిగి కలిపితే అట్టు విరగదు. అందరికీ నచ్చింది ఇదే. కాకపోతే మావాళ్ళు అల్లప్పచ్చడి నంజుకున్నారు, పెద్దావిడకి ఆ సంగతి చెప్పలేదు.

ఇక్కడ లైసెన్సు లేకుండా టపాసులు కాల్చడం నేరం కాబట్టి గుమ్మంలో దీపాలు మాత్రమే పెట్టాం. దెయ్యం వేషాల్లో చాక్లెట్ల కోసం వచ్చిన పిల్లలు ఆ దీపాలు కూడా హాలోవీన్ అలంకారమే అనుకున్నారు.

బార్మ్‌బ్రాక్ ఆ రాత్రి సగమే అయింది, ఉంగరం రాలేదు. మర్నాడు కాల్చి వెన్న రాసిన ముక్క టీతో తింటుంటే మామయ్య పంటికింద కాగితం తగిలింది.

"ఏడాదిలో పెళ్ళట. సంబంధాలు చూడమందామా?" అన్నారు.

"ముందు ఆ ప్లేటు కడిగి పెట్టండి" అన్నారు అత్తయ్య.