పెద్దవాళ్ళ హోం చూడ్డానికెళ్తే ముందు బాత్రూమ్ చూడండి

నేను విజయనగరంలో ఇంటీరియర్ పని చేస్తుంటాను, ఈమధ్య పెద్దవాళ్ళుండే హోంల పని కూడా వస్తోంది. వచ్చినప్పుడల్లా ఎవరో ఒకరు అడుగుతారు, ముసలివాళ్ళకి ఇంటీరియర్ దేనికండీ, మంచం, ఫ్యాను, వేళకి భోజనం ఉంటే చాలదా అని. చాలదండీ. ఎనభై ఏళ్ళ మనిషి రాత్రి రెండింటికి లేచి, ఎవర్నీ పిలవకుండా బాత్రూమ్‌కెళ్ళి, మళ్ళీ వచ్చి పడుకోగలగడం ఆ మనిషి ఓపిక మీద ఎంత ఉంటుందో, లైటు ఎక్కడ పెట్టారు, కింద ఏ టైల్ వేశారు, పట్టుకోడానికి ఏముంది అన్నదాని మీదా అంతే ఉంటుంది. ఇంకొకరి చెయ్యి పట్టుకోకుండా ఆ నాలుగడుగులు వెయ్యగలిగితే ఆ మనిషి పొద్దున్న లేచి మాట్లాడే తీరే వేరుగా ఉంటుంది, ఇది నేను కళ్ళారా చూశాను.

మన విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల సంగతి తెలిసిందే కదా, పిల్లలు విశాఖనో హైదరాబాదో చెన్నైయో వెళ్ళిపోయారు, ఊళ్ళో పెద్దవాళ్ళే మిగిలారు. తల్లిదండ్రులు, పెద్దవాళ్ళ పోషణ కోసం తెచ్చిన 2007 చట్టంలో జిల్లాకి కనీసం ఒక వృద్ధాశ్రమం, అందులో దిక్కులేని పెద్దవాళ్ళు 150 మందికి తగ్గకుండా చోటు ఉండాలని రాశారు. అది ప్రభుత్వం వైపు. డబ్బు పెట్టి చేరే హోంలయితే పిల్లలు ఫోన్లో ఫోటోలు చూసి ఎంచుకుంటున్నారు, ఫోటోల్లో ఏముంటుంది, రిసెప్షను, ఫాల్స్ సీలింగు, అద్దంలా మెరిసే ఫ్లోరు. ఆ మెరుపే పెద్దవాళ్ళ కళ్ళకి శత్రువు. లైటు దాని మీద పడి తిరిగి కళ్ళలో కొడితే నేల తడిగా ఉందో పొడిగా ఉందో తెలీదు, అడుగు వెయ్యడానికే భయపడతారు.

బాత్రూమ్ దగ్గర మాత్రం కొంచెం ఎక్కువసేపు చెప్తాను ఏమీ అనుకోకండి. మన పెద్దవాళ్ళలో షవర్ కింద నిలబడి స్నానం చేసేవాళ్ళు తక్కువ, బకెట్టు, చెంబు, కూర్చోడానికి పీట, ఇదే అలవాటు, మోకాళ్ళు పోయాక ఆ పీట మీంచి లేవడమే పెద్ద కష్టం. అందుకని నేను గోడకి ఆనించి కుర్చీ ఎత్తులో దిమ్మ కట్టించి పైన గరుకు రాయి వేయిస్తాను, పక్కనే బకెట్టుకి కూడా చిన్న గట్టు, అప్పుడు చెంబు ముంచడానికి వంగక్కర్లేదు. మామూలు కమోడ్ 400 మిల్లీమీటర్ల ఎత్తులో ఉంటుంది, భవనాలు అందరూ వాడుకునేలా ఉండాలని కేంద్రం 2021లో తెచ్చిన గైడ్‌లైన్స్‌లో సీటు 450 నుంచి 480 మధ్య ఉండాలని చెప్పారు, ఆ నాలుగు వేళ్ళ తేడా ఎంత మేలో మోకాళ్ళ నొప్పులున్న వాళ్ళని అడగండి. ఇక పట్టుకునే రాడ్లు. వీటిని టవల్ రాడ్‌లాగా చిన్న ప్లగ్గుల్లో బిగించేసి వెళ్ళిపోతారు, మనిషి బరువంతా పడ్డరోజు గోడలోంచి ఊడొస్తుంది, అసలు రాడ్ లేకపోవడం కన్నా అది ప్రమాదం ఎందుకంటే దాన్ని నమ్మి చెయ్యి వేస్తారు కాబట్టి. గోడ కట్టేటప్పుడే మేస్త్రికి చెప్పి ఆ చోట గట్టిగా కట్టించాలి, టైల్స్ అయ్యాక గుర్తొస్తే లాభం లేదు. తలుపు బయటకి తెరుచుకోవాలి, లోపల పడిపోతే ఆ మనిషే తలుపుకి అడ్డం అయిపోతారు. అలాగే తెల్ల గోడ, తెల్ల నేల, తెల్ల కమోడ్ పెట్టొద్దండీ దయచేసి, చూపు మందగించినవాళ్ళకి సీటు ఎక్కడ మొదలయ్యిందో తెలీదు. వెనక గోడకి ముదురు రంగు టైల్ వేస్తే చాలు, దానికి అదనంగా పైసా ఖర్చవదు.

అన్నిటికన్నా నన్ను ఇబ్బంది పెట్టింది గడప. ఆ గైడ్‌లైన్స్ ప్రకారం గుమ్మం దగ్గర 12 మిల్లీమీటర్లకి మించి ఎత్తు ఉండకూడదు, కాలు తగిలి పడతారు, వీల్‌చైర్ ఆగిపోతుంది, కారణం న్యాయమైందే. కానీ శ్రీకాకుళం వైపు ఒక హోంలో పని జరుగుతుంటే ఒక మామ్మగారు వచ్చి చూసి "గడప లేని గదేటమ్మా, లచ్చిందేవి ఎటునుంచొస్తాది" అన్నారు. ఆవిడ అన్నదాంట్లో తప్పేముంది, పెళ్ళయిన దగ్గర్నుంచి రోజూ పసుపు రాసి బొట్టు పెట్టిన చెయ్యి అది, ఇప్పుడు ఆ పని లేకుండా చేస్తే అది తన గది అని ఎలా అనిపిస్తుంది? చివరికి గడప చోట నేలకి సమానంగా పసుపు రంగు రాయి ఒక పట్టీలా వేయించాం, ద్వారబంధం మీద చేతికందే ఎత్తులో నున్నటి చెక్క పెట్టాం, పసుపు కుంకాలు అక్కడే, వంగక్కర్లేదు. తులసికోట కూడా నడుం ఎత్తు గట్టు మీద పెట్టించాం. ఇలాంటివి ఏ కేటలాగులోనూ దొరకవు, ఉండేవాళ్ళని కూర్చోబెట్టి అడిగితేనే బయటకొస్తాయి.

లైటు విషయానికొస్తే, వయసుతో కంటిలో కటకం పసుపెక్కుతుంది, అరవై దాటినవాళ్ళకి ఇరవై ఏళ్ళ కుర్రాడి కన్నా చాలా ఎక్కువ వెలుతురు కావాలి, కానీ సూటిగా కళ్ళలో పడకూడదు. అందుకే కిటికీలకి పొందూరు ఖద్దరు లాంటి పల్చటి నూలు తెరలు నాకు ఇష్టం, ఎండని ఆపవు, మెత్తబరుస్తాయి. రాత్రికి మంచం నుంచి బాత్రూమ్ దాకా గోడ కింద చిన్న లైట్లు, అవి తప్పకుండా ఇన్వర్టర్ మీద ఉండాలి. 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ తుఫాన్లు వచ్చినప్పుడు మనవైపు ఎన్ని రోజులు కరెంటు లేదో మర్చిపోయామా?

ఇంకోటి, కూర్చునే చోటు. హోంలు కట్టేవాళ్ళు ప్రశాంతంగా ఉండాలని వెనకవైపు తోటలో బెంచీలు వేస్తారు, అక్కడ ఎవరూ కూర్చోరు. అందరూ గేటు దగ్గరే చేరతారు, పాలవాడు, కూరల బండి, స్కూలు పిల్లలు, ఎవరొచ్చారు ఎవరెళ్ళారు. అరుగు మీద పెరిగిన మనుషులు కదా. అందుకే ముందువైపే అరుగు కట్టండి, వెనక్కి ఆనడానికి గోడ, లేవడానికి మధ్యమధ్యలో కుర్చీకున్నట్టు చేతులు ఉండేలా. కిటికీలోంచి చెట్లు కనపడిన ఆపరేషన్ పేషెంట్లు, ఇటుకగోడ కనపడినవాళ్ళ కన్నా తొందరగా ఇంటికెళ్ళారని, నొప్పి మందులూ తక్కువే వాడారని రోజర్ ఉల్రిచ్ అనే పరిశోధకుడు 1984లోనే చూపించాడు. మన పెద్దవాళ్ళకి చెట్టుతో పాటు రోడ్డు కూడా కనపడాలని నా నమ్మకం.

1976లో ఎలెన్ లాంగర్, జుడిత్ రోడిన్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు అమెరికాలో ఒక నర్సింగ్ హోంలో చేసిన ప్రయోగం కూడా నాకు చాలా ఇష్టం. కొందరికి ఒక మొక్క ఇచ్చి మీరే చూసుకోండి, మీ రోజువారీ సంగతులు మీరే నిర్ణయించుకోండి అన్నారు, ఇంకొందరికి మొక్క ఇచ్చి నీళ్ళు మా స్టాఫ్ పోస్తారు అన్నారు. మొదటివాళ్ళే ఎక్కువ హుషారుగా, చురుగ్గా కనిపించారు. అందుకని నేను గదులన్నీ ఒకేలా చెయ్యను, మంచం ఏ గోడకి ఉండాలి, తెర ఏ రంగు, సొంత బీరువా తెచ్చుకుంటారా, దేవుడి గూడు ఎక్కడ, ఇవి వాళ్ళనే అడుగుతాను. మతిమరుపు ఉన్నవాళ్ళకయితే ఇది ఇంకా ముఖ్యం, వరసగా ఒకేలాంటి తలుపులుంటే తన గది ఏదో తెలియక కారిడార్లో తిరుగుతూ ఉంటారు, తలుపు పక్కన వాళ్ళ పాత ఫోటో ఒకటి పెడితే తేడా కనిపిస్తుంది. నెదర్లాండ్స్‌లో 2009లో మొదలైన హోగెవేక్ అయితే ఊరికి ఊరే ఈ మతిమరుపు జబ్బు (డిమెన్షియా) ఉన్నవాళ్ళ కోసం కట్టింది, కొట్టు, వీధి, తోట అన్నీ ఉంటాయి. గుమ్మం ముందు నల్ల పట్టా మాత్రం వెయ్యకండి, అది వాళ్ళకి గొయ్యిలా కనపడి ఆగిపోతారు.

అమ్మానాన్నల కోసం హోం చూడ్డానికి వెళ్ళేవాళ్ళు పగటిపూట కాకుండా రాత్రి ఏడు దాటాక వెళ్ళండి. లాబీలో కాఫీ తర్వాత తాగొచ్చు, ముందు గదిలోకి వెళ్ళి మంచం మీద కూర్చుని, పెద్దలైటు ఆపి, బాత్రూమ్ దాకా నడవండి, లోపల రాడ్ పట్టుకుని మీ బరువంతా వేసి లాగండి. కదిలితే అక్కడే మేనేజర్‌కి చెప్పండి, సరిచేశాకే పెద్దవాళ్ళని చేర్చండి.