ఎన్నో నెల?

నిరుడు వరలక్ష్మీ వ్రతానికి పట్టుచీర కట్టుకుని నిలబడితే, పేరంటానికి వచ్చినవాళ్ళంతా నా ముఖం కళకళలాడుతోందన్నారు. "ఇన్నాళ్ళకు కాస్త ఒళ్ళు చేశావు" అని మా అత్తగారు మురిసిపోయారు. అది కళ కాదు, నీరు. అప్పటికి వారంగా పొద్దున లేచేసరికి కనురెప్పలు ఉబ్బి ఉండేవి. సాయంత్రానికి వాపు పాదాల్లోకి దిగేది. మూత్రం సబ్బునీళ్ళలా నురగ కట్టేది. 58 కిలోలుండేదాన్ని 67కి చేరాను.

నెఫ్రోటిక్ సిండ్రోమ్ అన్నారు. కిడ్నీల్లోని జల్లెడ చెడి, రక్తంలో ఉండాల్సిన ప్రొటీన్ మూత్రంలో పోతుంది. రక్తంలో అది తగ్గేకొద్దీ ఒళ్ళంతా నీరు పడుతుంది. బయాప్సీ, పరీక్షల గురించి చెప్పడానికేమీ లేదు. ఉప్పు తగ్గించమన్న రోజు ఆవకాయ జాడీ ముందు కూర్చుని ఏడ్చానని మాత్రం ఒప్పుకుంటాను. రోజుకు 60 మిల్లీగ్రాముల ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ మాత్ర మొదలుపెట్టారు. నెల తిరిగేసరికి నీరు దిగి 56కి వచ్చాను. "చిక్కి సగమయ్యావు" అని ఈసారి అత్తగారు బెంగపెట్టుకున్నారు. రోగం ముదురుతుంటే మురిశారు, తగ్గుతుంటే దిగులుపడ్డారు. ఆవిడను తప్పుపట్టను, అద్దంలో నన్ను నేనూ అలాగే చూసుకున్నాను.

తర్వాత మాత్ర తన రెండో పని మొదలుపెట్టింది. అర్ధరాత్రి లేచి చల్లన్నం గిన్నె ఊడ్చి తినేటంత ఆకలి. పొట్ట పెరిగింది, మెడ వెనక కొవ్వు గడ్డకట్టింది, ముఖం గుండ్రమైంది. డాక్టర్లు కూడా ఆ ముఖాన్ని చంద్రుడితోనే పోలుస్తారు. కావ్యనాయికల పోలిక నాకు రోగలక్షణంగా దక్కింది.

ఒకరోజు చైతన్యపురిలో మెట్రో ఎక్కాను. మలక్‌పేట దగ్గర ఒక పెద్దాయన లేచి, "కూర్చో తల్లీ" అన్నాడు. పక్కావిడ నా పొట్ట వైపు చూసి "ఎన్నో నెల?" అని అడిగింది. మాకు పెళ్ళయి తొమ్మిదేళ్ళు. ఆ ప్రశ్న నన్నెవరూ అంత మామూలుగా అడగలేదు. "ఆరో నెల" అన్నాను. అమీర్‌పేట వచ్చేదాకా ఆవిడ కుంకుమపువ్వు గురించీ, ఎడమవైపు తిరిగి పడుకోవడం గురించీ చెబుతూనే ఉంది. ఆ కాసేపూ నేను సుఖంగానే ఉన్నాను. రైలు దిగాక కాళ్ళు వణికాయి.

కార్తీకంలో బంధువుల పెళ్ళి. అప్పటికి 68 కిలోలు, మందు 30కి తగ్గింది. భోజనాల బంతిలో మా ఆయన పిన్ని నా విస్తరి వైపు చూస్తూ, "కాస్త నోరు కట్టుకో అమ్మాయ్, వాడు నీ పక్కన తమ్ముడిలా కనిపిస్తున్నాడు" అన్నారు. అందరూ నవ్వారు. మా ఆయన కూడా. పిన్నిగారిని ఎప్పుడో క్షమించాను, ఆ నవ్వును మాత్రం ఇంకా క్షమించలేదు. ఆ సంగతి ఆయనకూ తెలుసు.

మర్నాటి నుంచి మాత్రలు మానేశాను. మధ్యలో మానకండి అని డాక్టరు చెప్పిన మాట నిజమే. ఎందుకు మానకూడదో చెప్పడానికి ఆయనకు అరనిమిషం దొరకలేదు. కిడ్నీల మీద టోపీల్లా అడ్రినల్ గ్రంథులుంటాయి. ఒంటికి కావలసిన కార్టిసాల్ అనే హార్మోన్‌ను తయారుచేసేవి అవే. నెలల తరబడి బయటి నుంచి స్టెరాయిడ్ అందుతుంటే అవి పని మాని నిద్రపోతాయి. మాత్ర హఠాత్తుగా ఆపేస్తే వెంటనే లేవవు. ఇదంతా నాకు తర్వాత తెలిసింది.

నాలుగో రాత్రి వాంతులు మొదలయ్యాయి. మా ఆయన ఊళ్ళో లేరు. రెండింటికి బాత్రూంలో గోడ పట్టుకుని లేవబోతే గోడే నామీదికి వంగినట్టయింది. అత్తగారి కేక విని వాచ్‌మన్ పరుగెత్తుకొచ్చి, ఎక్కడినుంచో ఆటో తెచ్చాడు. క్యాజువాలిటీలో కుర్ర డాక్టరు నన్ను ఎగాదిగా చూసి, "లావుగా ఉన్నవాళ్ళకు గ్యాస్ మామూలే, రోజూ నడుస్తారా?" అన్నాడు. గ్యాస్ ఇంజెక్షన్ రాసి పక్క మంచానికి వెళ్ళిపోయాడు. బీపీ 80/50. మాట్లాడదామంటే నాలుక తిరగడంలేదు. చచ్చిపోతానని నిజంగా అనుకున్నది ఆ రాత్రే. పోయాక కూడా పాడె బరువుగా ఉందంటారేమోననిపించింది. అంత పిచ్చి ఆలోచన.

ఇంజెక్షన్ ఇవ్వడానికి వచ్చిన నర్సు సూది పక్కన పెట్టింది. నా గడ్డం పట్టుకుని ముఖం దీపం వైపు తిప్పింది, మెడ వెనక తడిమింది, మోచేతి దగ్గర కమిలిన మచ్చలు చూసింది. "స్టెరాయిడ్ వాడుతున్నారా? ఎప్పుడు ఆపారు?" నాలుగు వేళ్ళు చూపించాను. డాక్టరును దాదాపు చెయ్యిపట్టి లాక్కొచ్చింది. నరానికి హైడ్రోకార్టిసోన్ అనే స్టెరాయిడ్, సెలైన్ ఎక్కించారు. తెల్లవారేసరికి కాఫీ అడిగాను. ఆ కుర్ర డాక్టరు వచ్చి ఫైలు చూసుకుని వెళ్ళాడు, నావైపు చూడలేదు. ఆ నర్సు పేరు అడగాలని తోచేలోపే ఆమె డ్యూటీ అయిపోయింది.

స్టెరాయిడ్ వాడేవాళ్ళు ఆ సంగతి చీటీ మీద రాసి పర్సులో పెట్టుకోండి. తగ్గించాలన్నా ఆపాలన్నా డాక్టరు చెప్పినట్టు మెట్టుమెట్టుగానే. ఎవరేమన్నా సరే.

అత్తగారు చిలుకూరు బాలాజీకి 11 ప్రదక్షిణలు చేసి మొక్కుకున్నారు. కోరిక తీరితే 108. మందు పూర్తిగా మానాక, ఈ వైశాఖంలో ఇద్దరం వెళ్ళాం. ఇంకా 63 కిలోలున్నాను. నలభయ్యో చుట్టులో పక్కన నడుస్తున్నావిడ, "మంచిదేలెండి, దీంతో బరువు కూడా తగ్గుతారు" అంది. నేను నవ్వి ఊరుకునేదాన్నే. అత్తగారు ఆగిపోయారు. "తగ్గడానికి కాదమ్మా, మా కోడలు బతికినందుకు తిరుగుతోంది" అన్నారు.

ఆ మాటల్లో, చుట్లు లెక్కపెట్టుకునే కార్డు మీద గడి దిద్దామో లేదో ఇద్దరికీ గుర్తులేదు. ఎందుకైనా మంచిదని ఒక చుట్టు ఎక్కువే తిరిగాం.