ఎప్పుడు నడుస్తావని అడిగేవాళ్లకు

కవిటి దగ్గర మా ఊళ్లో కాయలు దింపుతూ కొబ్బరిచెట్టు మీంచి పడ్డాను. వెన్నుపాము దెబ్బతింది. నడుము కింద స్పర్శ లేదు.

చూడ్డానికొచ్చిన ప్రతివాళ్లూ ‘ఎప్పుడు నడుస్తావు నాయనా’ అనేవారు. ప్రేమతోనే, తెలుసు. కానీ వెన్నుపాము ఎముకలా అతుక్కోదు. ఆ మాట ఫిజియోథెరపీ మేడమ్ సూటిగా చెప్పినప్పుడు అమ్మ లేచి బయటికెళ్లిపోయింది. నేను ఏడ్చాను. అయినా ఆ రాత్రి నిద్రపట్టింది, ఎదురుచూడ్డం ఆగింది కాబట్టి.

అన్నిటికంటే నన్ను కుంగదీసింది కాళ్లు కాదు, మూత్రం. నాలుగు నుంచి ఆరు గంటలకోసారి గొట్టం పెట్టి తీయాలి. మొదట్లో ఆ పని అమ్మ చేసేది. పెళ్లీడు కొడుక్కి అదెంత నరకమో ఎలా చెప్పను? నేర్చుకుని నేనే చేసుకోవడం మొదలెట్టాకే మళ్లీ మనుషుల మొహం చూడగలిగాను. కూర్చున్నచోట ఒత్తిడికి పుండ్లు పడకుండా పావుగంటకో అరగంటకో చేతులమీద ఒళ్లెత్తడం, పడ్డాయేమోనని అద్దంలో చూసుకోవడం అలవాటైపోయాయి.

కోపం మాత్రం ఇంకా వస్తుంది. వానాకాలం చక్రాల కుర్చీ బురదలో దిగబడితే మరీను. దిగులు రోజుల తరబడి వదలకపోతే 14416కి ఫోన్ చేయండి, టెలి మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ వాళ్లు ఉచితంగా మాట్లాడతారు, తెలుగులోనే. మందులు అవసరమైతే వాడండి, అది పిచ్చి కాదు.

ఇప్పుడు తోట లెక్కలన్నీ నావే. కాయల బేరానికొచ్చేవాళ్లు నాన్నతో కాదు, నాతో మాట్లాడాలి.