తాడ్వాయి అడవిలో ఆగిన కేబుల్

మొన్న హన్మకొండ నుంచి తాడ్వాయి దాటి మా అక్కవాళ్ల ఊరికి వెళ్లాను. పంచాయతీ ఆఫీసు ముందు ఒక ముసలమ్మ పింఛన్ కోసం బొటనవేలు కొంగుకు తుడుచుకుని మళ్లీ మళ్లీ మిషన్ మీద పెడుతోంది. వేలు బాగానే పడుతోంది, సిగ్నలే లేదు. ఊరికి ఇవతల రోడ్డు పక్కన ఇంటర్నెట్ కేబుల్ పైపు కొస మట్టిలోంచి లేచి ఉంది, దాని మూతికి ప్లాస్టిక్ కవర్ చుట్టారు. అక్కడి నుంచి అటవీ భూమి, పర్మిషన్ రాలేదట.

"ఎన్నాళ్లయింది అక్కా?"

"రెండు వానాకాలాలు పోయినయ్ తమ్ముడూ."

2016 రైట్ ఆఫ్ వే (కేబుళ్లు, టవర్లు వేయడానికి దారి అనుమతి) నిబంధనల్లోనే 60 రోజుల్లో జవాబు రాకపోతే అనుమతి ఇచ్చినట్టే అని రాశారు, కానీ అటవీ భూమికి 1980 అటవీ సంరక్షణ చట్టం కింద ఫైలు వేరే. నాకు కోపం ఎక్కడంటే, దగ్గరి దారి కూడా చట్టంలోనే ఉంది: 2006 అటవీ హక్కుల చట్టం సెక్షన్ 3(2) ప్రకారం ప్రభుత్వం నడిపే 13 రకాల సౌకర్యాలకు, అందులో కరెంటు, టెలికాం లైన్లూ ఉన్నాయి, హెక్టారు లోపు భూమిని గ్రామసభ సిఫారసుతో ఇవ్వొచ్చు, హెక్టారుకు 75 చెట్లకు మించి కొట్టకూడదు. అడవి నరకమని ఎవరూ అడగట్లేదు, ఉన్న తారు రోడ్డు అంచునే తవ్వి పూడ్చమంటున్నాం. మిషన్ భగీరథ నీళ్ల పైపులతో పాటే టీ-ఫైబర్ (ఊరూరికీ ఇంటర్నెట్ ఇచ్చే ప్రభుత్వ పథకం) పైపులు వేసిన రాష్ట్రం మనది!

వచ్చే గ్రామసభలో తీర్మానం పెట్టిద్దామని బావతో చెప్పాను. కాగితం నేనే రాస్తున్నాను.