నాన్నకు రాని కామెర్లు

పన్నెండు కావస్తోంది, నిద్ర పట్టట్లేదు. నాన్న వచ్చాడు ఊరినుంచి. కొత్త మినుములతో అమ్మ చేసిన సున్నుండలు తెచ్చాడు, బుజ్జిగాడు వరసగా నాలుగు తిన్నాడు. సంతోషంగానే ఉంది. కానీ నాన్న వచ్చింది అందుకు కాదు, ప్లీడరు గారు ఇచ్చిన కాగితం నాతో చదివించుకోవడానికి.

పొలం గట్టు తగాదా కేసే. కింది కోర్టులో ఓడాక పై కోర్టుకు అప్పీలు ముప్పై రోజుల్లో వేయాలి. తొంభై రోజుల గడువు హైకోర్టుకు. గుమాస్తా డైరీలో తొంభై అని రాసుకున్నాడు, ప్లీడరు గారు చూసుకోలేదు. తీర్పు నకలు తీసుకోవడానికి పట్టిన రోజులు తీసేసినా యాభై రెండు రోజులు ఆలస్యం. ఇప్పుడు ఆ ఆలస్యాన్ని మన్నించమని పిటిషన్ వేయాలి, దానికి నాన్న అఫిడవిట్, అంటే ప్రమాణం చేసి సంతకం పెట్టిన కాగితం, కావాలి. అందులో ఏముందంటే, నాన్నకు పచ్చకామెర్లు వచ్చి, నాటుమందు వాడుతూ మంచం మీద ఉన్నాడట! సంతకం చోట పెన్సిల్‌తో ఇంటూ గుర్తు కూడా పెట్టి ఇచ్చారు.

చదివి చెప్తే నాన్న ఒక్కటే అడిగాడు, "కామెర్లు ఎవరికమ్మా?"

నా ఇంటర్ రోజుల్లో ఒక వాయిదాకి నాన్నతో వెళ్లాను. తుఫాను వాన, వాగు పొంగి బస్సు మధ్యలో ఆగిపోయింది. కాగితాల కట్టను యూరియా సంచిలో చుట్టి నెత్తిన పెట్టుకుని, పంచె ఎగ్గట్టి, నా చెయ్యి పట్టుకుని నడిచాడు. మేం మెట్లెక్కుతుంటే లోపల బంట్రోతు నాన్న పేరు పిలుస్తున్నాడు. ఆ తడిబట్టలతోనే "ఉన్నానండీ" అని పరిగెత్తాడు. జడ్జిగారు సెలవు, ఇంకో తారీకు ఇచ్చి పంపించేశారు. నాకు ఏడుపొచ్చింది. "పిలిచినప్పుడు మనం ఉన్నాం కదా, చాలు" అన్నాడు. పద్నాలుగేళ్లలో ఒక్క వాయిదా తప్పని మనిషి ఇప్పుడు ఎవరి పొరపాటుకో రోగిష్ఠి కావాలి.

ప్లీడరు గారిని మార్చేద్దామన్నంత కోపం వచ్చింది. సాయంత్రం ఫోన్ చేశాను. "తప్పు మాదేనమ్మా, కామెర్లంటే ఎవరూ పెద్దగా అడగరు, మా తప్పని రాస్తే ఏమంటారో" అన్నారు, గొంతు తగ్గించి. ప్లీడరు తప్పుకు కక్షిదారు ఇరుక్కున్న కేసులు చాలానే ఉన్నాయి, చదివాను. 1998లో బాలకృష్ణన్ అనే ఆయన కేసులో ప్లీడరు పట్టించుకోక 883 రోజులు ఆలస్యమైతే, పదివేలు ఖర్చులు కట్టమని సుప్రీంకోర్టు మన్నించింది. అంతకు ముందు 1981లో, ప్లీడరు రాకపోతే పల్లెటూరి కక్షిదారు ఎందుకు నష్టపోవాలని అడిగింది కూడా ఆ కోర్టే. అవి చదివి ధైర్యమొచ్చింది. తర్వాత అదే కోర్టు 1993 నాటి తీర్పు కనపడింది, ప్లీడరు మీద నెట్టేస్తే ప్రతిసారీ కుదరదని. అక్కడ ఉన్నది ఒక కంపెనీ, నాన్నలాంటి రైతు కాదు, అయినా టెన్షన్ పట్టుకుంది. ఆలస్యం మన్నించకపోతే అప్పీలు లోపలికే పోదు. ఒక నిమిషం, సంతకం పెట్టేయమందామా అనిపించింది కూడా.

కానీ అవతలి వాళ్లది పక్క పొలమే కదా! ఆ యాభై రెండు రోజులూ నాన్న మినుము పీకిస్తూ, నూర్పిస్తూ వాళ్ల కళ్లెదుటే తిరిగాడు. రేపు బోనెక్కించి "కామెర్లు ఎప్పుడొచ్చాయి" అని అడిగితే నాన్న అబద్ధం చెప్పలేడు. నేను చెప్పమని అడగలేను.

పడుకోబోతూ నాన్నే అన్నాడు, "జరిగింది జరిగినట్టు నువ్వు తెలుగులో రాసివ్వమ్మా, ఆరింటి బస్సుకు పోయి ప్లీడరు గారికి నేనిస్తాను" అని.

కూర్చుని రాశాను. "గుమాస్తా గడువు తప్పు రాసుకున్నందున" అన్న చోట పెన్ను ఆగింది. ప్రతి వాయిదాకి ముందురోజు రాత్రి "బాబాయ్, రేపు మనది ఉంది" అని ఫోన్ చేసేది ఆ కుర్రాడే. ఈ ముక్క కోర్టు కాగితంలోకి ఎక్కితే అతని ఉద్యోగం ఉంటుందా?

కొట్టేసి, "ప్లీడరు గారి ఆఫీసులో గడువు లెక్క తప్పినందున" అని రాశాను. పొద్దున నాన్నకు చదివి వినిపించాలి.